తాత పియానో: ఎనిమిది వేలా, నాలుగు లక్షలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా తాత జడ్చర్లలో మిషన్ ఆస్పత్రిలో కంపౌండర్‌గా పనిచేసేవారు. అక్కడి అమెరికా దొరసానమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోతూ తన పియానో తాతకు ఇచ్చిపోయిందట. గోడకు ఆనించి పెట్టే నిలువు పియానో. మూత మీద 'చాపెల్, లండన్' అని బంగారు రంగు అక్షరాలున్నాయి. ముందు రెండు ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు, కింద రెండు చిన్న పెడల్స్. క్రిస్మస్ వస్తే నాయిన వాయించేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది, అప్పట్నుంచి మూత తీసినవాళ్ళు లేరు. ఇప్పుడు పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టుకుంటున్నాం. పాత సామాన్ల సేటు వచ్చి ఎనిమిది వేలిస్తానన్నాడు. ఫేస్‌బుక్‌లో ఫొటో పెడితే ఒకాయన ఫోన్ చేసి, ఇది యాంటిక్, నాలుగు లక్షలకు తక్కువ పోదు, ముందు వాల్యుయేషన్ సర్టిఫికెట్‌కు పన్నెండు వేలు పంపండి అన్నాడు. తమ్ముడు పంపుదామంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలు దీని విలువెంత? ఎవరికి అమ్మాలి?
ఒక టీచర్, మహబూబ్‌నగర్

సమాధానం: టీచరమ్మా, ముందు తమ్ముడికి ఫోన్ చేసి ఆ పన్నెండు వేలు పంపొద్దని చెప్పండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

వస్తువును కళ్ళతో చూడకుండా, ఒక్క మెట్టు నొక్కి వినకుండా నాలుగు లక్షలనే మనిషి కొనడానికి ఫోన్ చేసినవాడు కాదు. మన దిక్కు రైస్ పుల్లర్ పేరు చెప్పి రాగి చెంబులు పట్టుకుని తిరిగిన బ్యాచ్‌లు గుర్తున్నాయి కదా. చెంబుకు కోట్లు పలుకుతుందనేవాళ్ళు, కాకపోతే టెస్టింగ్‌కు వచ్చే సైంటిస్టు ఖర్చు మీరే పెట్టుకోవాలనేవాళ్ళు. ఇదీ ఆ తాను ముక్కే. కొనేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడగడు. ఇంట్లో పియానో అమ్ముకోవడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఒకవేళ ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకు అదే నంబరు.

సేటు సంగతి వేరు. ఆయన్ని తప్పు పట్టలేం. ఆయనకు అది వాద్యం కాదు, తూకం. లోపల పోత ఇనుము ఫ్రేము, లావు తీగలకు చుట్టిన రాగి, ముందు ఇత్తడి, చుట్టూ ముదురు చెక్క. అన్నిటినీ మనసులోనే కాటా మీద పెట్టి ఎనిమిది వేలన్నాడు. మీ పియానో పూర్తిగా చచ్చిపోయి ఉంటే అదేమంత అన్యాయం ధర కూడా కాదు. చచ్చిందో బతికుందో చూడకుండానే ఇచ్చేస్తే మాత్రం మీకే నష్టం.

అది నిజంగా పియానోయేనా అన్నది మామూలుగా నేను అడిగే మొదటి ప్రశ్న. మహబూబ్‌నగర్, వనపర్తి, దేవరకొండ, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వైపు అమెరికన్ మెనొనైట్ బ్రెదరన్ మిషన్ వాళ్ళు చాలాకాలం ఉన్నారు. ఆ బంగళాల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి వాద్యాలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. పియానో అని పిలుస్తారు, తీరా వెళ్ళి చూస్తే కాళ్ళతో తొక్కి గాలి కొట్టే రీడ్ ఆర్గన్. దాని పెడల్స్ కుట్టు మిషన్ తొక్కుడు పలకల్లా వెడల్పుగా ఉంటాయి. మీవి చిన్న పెడల్స్ అన్నారు, కొవ్వొత్తి స్టాండ్లు కూడా ఉన్నాయన్నారు కాబట్టి పియానోయే. అదీ పాతదే. కరెంటు దీపాలు లేని ఇళ్ళలో నొటేషన్ పుస్తకం కనబడాలని ఆ స్టాండ్లు పెట్టేవాళ్ళు, తర్వాత ఊరికే అందానికి కూడా కొన్నాళ్ళు కొనసాగించారు.

ఇక పాతది కాబట్టి ఎక్కువ ధర అన్న మాట. చాలామంది ఇక్కడే పొరబడతారు. మంచి వయొలిన్‌కు వయసు కలిసొస్తుంది. హార్మోనియం అయితే పాత జర్మన్ రీడ్ల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. పియానోకు ఆ అదృష్టం లేదు. దానిలో రెండు వందలకు పైగా స్టీలు తీగలుంటాయి. అన్నీ కలిసి లాగే బరువు పదిహేను, ఇరవై టన్నులు. అంటే ఒక లారీ లోడు మీ ముందు గదిలో గోడకు ఆనుకుని పగలూ రాత్రీ లాగుతూనే ఉందన్నమాట. ఇనుప ఫ్రేము ఆ బరువు కాస్తుంది. తీగల చివర్లు చుట్టుకున్న పిన్నులు మాత్రం ఫ్రేము వెనకున్న చెక్క దిమ్మెలో దిగి ఉంటాయి. దశాబ్దాలు గడిచేసరికి ఆ చెక్క పట్టు వదిలేస్తుంది. పాలమూరు ఎండలకు ఎండిపోయి, వానాకాలం తేమకు ఉబ్బి, మళ్ళీ ఎండిపోయి ఎన్నేళ్ళు గడిచాయో చూడండి. పట్టు పోయిన పియానోను ఈరోజు శ్రుతి చేస్తే వారానికే జారిపోతుంది. పైన పాలిష్ ఎంత మెరిసినా మేడిపండే.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ళ కింద నల్లగొండలో మూతపడిన ఒక బడి సామాన్లు అమ్ముతుంటే నిలువు పియానో ఒకటి కొన్నాను. నల్లటి పాలిష్, మూత ఎత్తితే ఎర్రటి బనాతు గుడ్డ, మధ్యలో నాలుగు మెట్లు నొక్కితే బ్రహ్మాండంగా పలికింది. బేరం కూడా ఆడకుండా తెచ్చుకున్నాను. హైదరాబాద్ నుంచి వచ్చిన ట్యూనర్ రెండు పిన్నులు తిప్పి నా మొహం చూశాడు. పిన్నుకు శ్రుతి చేసే తాళంచెవి తగిలించి తిప్పుతుంటే వెన్నలో గరిటె తిప్పినట్టు తిరుగుతోంది. ముందెవరో కొన్ని పిన్నుల చుట్టూ ఉప్పు కాగితం ముక్కలు దూర్చి బిగించారు కూడా. అమ్మినవాళ్ళకు ఆ విషయం తెలియదు. నేను ముందు పలక తీసి చూసుంటే నాకు తెలిసేది. దాని మీద మా ఇంట్లో చాలాకాలం ఉతికిన బట్టలు మడతపెట్టేవాళ్ళు.

అందుకే మీరు ముందు పలక తీసి చూడండి. పై మూత వెనక్కి ఎత్తితే లోపల రెండు పక్కలా ఒక్కో చెక్క బిళ్ళ కనిపిస్తుంది. వాటిని తిప్పితే ముందు పలక వదులవుతుంది. స్టాండ్ల బరువు కూడా దాని మీదే ఉంటుంది కాబట్టి ఇద్దరు పట్టుకుని తీయండి. కింది పలకను మెట్ల బల్ల అడుగునున్న స్టీలు పట్టీ ఆపుతుంది. దాన్ని పైకి నొక్కితే పలక ముందుకు వాలుతుంది. టార్చి వేసి నిదానంగా చూడండి. కింద ఎలుకల పెంట, చెదల మట్టి ఉన్నాయేమో, తీగలను కొట్టే సుత్తుల మీది ఫెల్ట్‌ను, అంటే మెత్తటి ఉన్ని గుడ్డను, పురుగు కొరికిందేమో, పిన్నులు తుప్పు పట్టాయేమో. చెదలు కాళ్ళకో వెనక చట్రానికో పడితే బాగు చేయించుకోవచ్చు. పిన్నుల దిమ్మె దాకా వెళ్ళి ఉంటే ఇక ఆశ పెట్టుకోవద్దు.

తీగలను కూడా చూడండి. ఎడమ పక్కనున్న లావు రాగి తీగలు మిగతా తీగల మీదుగా ఏటవాలుగా దాటుతుంటే మంచిది, ఆ కట్టు తర్వాతి కాలంది, నాదం నిండుగా ఉంటుంది. అన్నీ నిట్టనిలువుగా పక్కపక్కనే దిగుతుంటే ఇంకా పాత కట్టు. సుత్తుల ముందు సన్నటి నిలువు తీగలు వరసగా పంజరం ఊచల్లా కనబడుతున్నాయా? అలాంటి దాన్ని శ్రుతి చేయడం ట్యూనర్లకు విసుగు, కొనేవాళ్ళూ వెనకాడతారు. మెట్లు లెక్కపెట్టండి. తెల్లవి 52, నల్లవి 36 అయితే 88 మెట్ల పూర్తి పియానో. తెల్లవి 50, నల్లవి 35 ఉంటే 85 మెట్లది, అదీ పాతకాలం లెక్కే. వాయించడానికి పెద్ద లోటేమీ ఉండదు గానీ బేరంలో అవతలివాళ్ళకు ఒక మాట దొరుకుతుంది.

చాపెల్ అన్నది మంచి పేరే. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో మ్యూజిక్ పుస్తకాలు అచ్చువేయడంతో మొదలై, తర్వాత పియానోల తయారీలోకి దిగిన సంస్థ. అయితే బెక్‌స్టైన్, బ్లూత్నర్, స్టైన్‌వే అంటే కొనేవాళ్ళ కళ్ళలో వచ్చే మెరుపు దీనికి రాదు. అక్షరాల కింద మద్రాసుదో బొంబాయిదో ఇంకో పేరుంటే అది అమ్మిన షాపుది. మద్రాసులో మిస్క్విత్, అదే తర్వాత మ్యూజీ మ్యూజికల్ అయింది, బొంబాయిలో ఫుర్టాడోస్ లాంటి దుకాణాలు ఆ రోజుల నుంచీ ఉన్నాయి. ఫ్రేము మీదో, పిన్నుల పక్కన చెక్క మీదో అంకెలు గుద్ది ఉంటాయి. అది సీరియల్ నంబరు. దాన్ని బట్టి తయారైన సంవత్సరం దాదాపుగా తేలుతుంది. ఆ సంవత్సరం తెలియడం ప్రకటనలో రాసుకోవడానికి పనికొస్తుంది. దాన్ని చూసి ధర పెంచేవాళ్ళు తక్కువ.

తర్వాత చెవి పని. ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ ఒకటి వేసుకోండి. అన్ని మెట్లూ ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే నొక్కి చూడండి. పియానో నడిమధ్య 'సి' మెట్టుకు కుడి పక్కన వచ్చే 'ఎ' 440 చూపించాలి. అన్నీ ఒకే తీరుగా అరస్వరం కిందికి దిగి, అంటే ఆ 'ఎ' 415 దగ్గర పలుకుతుంటే కంగారు పడకండి. మూడేళ్ళు కాదు, ముప్ఫై ఏళ్ళు శ్రుతి చేయకపోయినా అంతే. పిన్నుల పట్టు ఇంకా ఉందనడానికి అది మంచి గుర్తు కూడా. ఒక మెట్టు బాగుండి పక్క మెట్టు ఎక్కడికో జారిపోయి, మధ్యలో ఇంకోటి జారి, ఇలా గళ్ళు గళ్ళుగా ఉంటే అనుమానించాలి. నొక్కిన మెట్టు ఇరుక్కుపోయి పైకి రాకపోవడం, ఒకటి రెండు మెట్లు అసలు పలకకపోవడం చిన్న జబ్బులే. చూసినవాళ్ళు భయపెట్టినా మీరు భయపడకండి.

మెట్ల మీది తెల్లటి పూత గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది ధరను దాటి చట్టం దాకా పోయే విషయం. పాత బ్రిటిష్ పియానోల్లో చాలావాటికి ఏనుగు దంతం పలకలు అతికించేవాళ్ళు. తెల్ల మెట్టును దగ్గరగా చూడండి. వేలు ఆనే వెడల్పు భాగానికీ, నల్ల మెట్ల మధ్యకు వెళ్ళే సన్న భాగానికీ మధ్య వెంట్రుకంత అతుకు గీత ఉండి, వెలుతురులో వాల్చి చూస్తే సన్నటి చారలు కనిపిస్తే అది దంతమే అయ్యుండాలి. అతుకు లేకుండా ఒకే ముక్కయితే సెల్యులాయిడో ప్లాస్టికో. ఎర్రగా కాల్చిన సూది పెట్టి చూడమని ఎవరైనా చెబితే వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

దంతమైతే ఎందుకు తకరారంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం ఆగిపోయింది. 1991 నాటిది ఆఫ్రికా నుంచి దిగుమతైన దంతానికి కూడా వర్తిస్తుంది. పియానో మీది పలుచటి ముక్కలే కదా, తాతల నాటివే కదా అని మనకు మనమే మినహాయింపు ఇచ్చుకోకూడదు. 'ఒరిజినల్ ఐవరీ కీస్' అని గొప్పగా ప్రకటన ఇచ్చి, దానికి ఇంకో యాభై వేలు కలిపిన ప్రబుద్ధులను చూశాను. మీరు మాత్రం అమ్మకానికి పెట్టకముందే మీ జిల్లా అటవీ అధికారి ఆఫీసులో కాగితం మీద రాసి అడగండి. ఊడదీసి ప్లాస్టిక్ పలకలు వేయించుకోవాలన్నా, ఊడిన ముక్కలు ఏం చేయాలో కూడా అక్కడే తెలుసుకుని చేయండి.

ధర ఎలా కడతారో చెబుతాను. కొనేవాడు మీ పియానో వయసు చూడడు, వాళ్ళ గదిలో పలికే నాటికి మొత్తం ఎంతవుతుందో లెక్కేసుకుంటాడు. బాగా పలికే ఇలాంటి పాత పియానోకు ఒకరు 70 వేలు పెట్టడానికి సిద్ధమనుకోండి. ఫెల్ట్ మార్చి, తెగిన తీగలు వేసి, రెండు మూడు విడతలుగా శ్రుతి చేయడానికి 25 వేలు, ఎత్తుడు, బండి, దింపుడుకు 10 వేలు అనుకుందాం. మీ చేతిలో పెట్టగలిగేది 35 వేలే. ఈ అంకెలు మీ పియానోవి కావు, లెక్క తీరు తెలియడానికి వేసినవి. పిన్నుల పట్టు పోయి ఉంటే 70 వేలన్న మొదటి అంకే లేదు. అప్పుడు దాన్ని ఎవరైనా కొంటే హోటల్ ముందు గదిలో అలంకారానికో, సినిమా సెట్ సామాన్లు అద్దెకిచ్చేవాళ్ళో కొనాలి. కొవ్వొత్తి స్టాండ్లు వాళ్ళకు నచ్చుతాయి. సేటు ధర కన్నా పైనే ఇస్తారు గానీ లక్షల మాట మరిచిపోండి. మన పెద్దలు ఊరికే అనలేదు, కొనబోతే కొరివి అమ్మబోతే అడవి అని. కొత్త నిలువు పియానో కొనాలంటే లక్షల్లో పెట్టాలి. పాతది అమ్మబోతే ఇంటికి వచ్చి చూసేవాళ్ళే కొద్దిమంది. చర్చిల్లో కూడా ఇప్పుడు కీబోర్డులే కదా.

మీరు ఖర్చు పెట్టాల్సింది ఒక్కదానికే. హైదరాబాద్ వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి ఒక పియానో ట్యూనర్‌ను ఫీజు, దారి ఖర్చు ఇచ్చి పిలిపించండి. ఎవరో తెలియకపోతే పియానో నేర్పే సంగీత పాఠశాలకో, సికింద్రాబాద్‌లో ఇంకా పియానో వాయించే చర్చికో ఫోన్ చేసి వాళ్ళ వాద్యాన్ని ఎవరు శ్రుతి చేస్తారో అడగండి. రాకముందే ఒక మాట చెప్పేయండి: 'మీరు చూసి చెప్పండి చాలు, మీకు అమ్మం.' వెల కట్టేవాడే కొనేవాడైతే వెల ఎటు వాలుతుందో తెలిసిందే. పిన్నులు ఎలా ఉన్నాయి, ఫ్రేముకు పగులుందా, వెనకున్న నాదం పలక చీలి గరగరలాడుతోందా, ఈ మూడూ కాగితం మీద రాసివ్వమనండి. పలక సన్నగా చీలినంత మాత్రాన పియానో పోదు, ఫ్రేము పగిలితే పోతుంది. అమ్మేముందు పాలిష్ వేయించడం, కొత్త తీగలు వేయించడం లాంటివి పెట్టుకోకండి, ఆ ఖర్చు తిరిగి రాదు. పిన్నులు గట్టిగా ఉన్నాయని ఆయనంటే మాత్రం ఒకసారి శ్రుతి చేయించండి.

ఆ తర్వాత ప్రకటన. పియానో మొత్తం, పేరు, సీరియల్ నంబరు, పలక తీసిన లోపలి భాగం, వెనక వైపు, దెబ్బలున్నచోట్లు ఫొటోలు తీయండి. ముఖ్యంగా అన్ని మెట్లూ వరసగా నొక్కుతూ ఒక వీడియో, కోత లేకుండా. పలకని మెట్టు దగ్గర కూడా ఆగి నొక్కండి. లోపం మీరే చూపిస్తే వచ్చినవాళ్ళు దాన్ని పట్టుకుని బేరం తెగ్గొట్టలేరు. ఆన్‌లైన్‌లో ఎవరైనా మిలిటరీ ఆఫీసర్‌నని, చూడకుండానే కొంటానని, డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ నంబరు కొట్టే పనే ఉండదు.

ఇల్లు తీసే పని ఎప్పుడు మొదలవుతుందో రాయలేదు. అమ్మకం తేలేలోపు సిమెంటు దుమ్ములో, టార్పాలిన్ కింద వదలొద్దు. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ పడుతుంది. పాత దుప్పటి కప్పి, తెలిసినవాళ్ళ ఇంట్లో ఎండ తగలని పొడి గదిలో పెట్టండి. కదిలించేటప్పుడు జాగ్రత్త. రెండు వందల కిలోలు దాటుతుంది, ఇనుమంతా వెనక వైపే ఉంటుంది కాబట్టి వెనక్కి ఒరుగుతుంది. మొయ్యడానికి పాలమూరులో మనుషులకు కొదవలేదు గానీ, ఒరిగే వైపు ఎప్పుడూ ఇద్దరుండాలని ముందే చెప్పండి. కింద చక్రాలున్నాయి కదా అని షాబాద్ బండల మీద ఈడ్చితే చక్రం విరిగి కాలు మీద పడుతుంది. మందపాటి గొంగడి చుట్టి, తాళ్ళు కట్టి, టాటా ఏస్‌లో క్యాబిన్‌కు ఆనించి నిలబెట్టే తీసుకెళ్ళాలి, పడుకోబెట్టొద్దు.

తమ్ముడితో మాట వాట్సాప్‌లోనైనా రాతలో పెట్టుకోండి, ఎంతకు అమ్ముదాం, ఎవరెంత తీసుకుందాం అని. తాత ఇచ్చిన వస్తువు మీద మాట తేడా వస్తే అది పండగలకు కూడా కొనసాగుతుంది. అమ్మనక్కర్లేదు, మా ఊరి చర్చికి ఇచ్చేద్దాం అనుకుంటే అదీ మంచిదే, కాకపోతే అక్కడ వాయించే మనిషి ఉన్నారో లేదో చూసి ఇవ్వండి.

ట్యూనర్ వచ్చినప్పుడు ఎడమ చివరి మెట్టు ఊడదీసి చూపించమనండి. పాత ట్యూనర్లకు ఆ మెట్టు పక్క చెక్క మీద పెన్సిల్‌తో తమ పేరు, శ్రుతి చేసిన తేదీ రాసే అలవాటుండేది. జడ్చర్ల రోజుల తేదీలు ఏమైనా కనబడితే ఒక ఫొటో తీసి నాకు పంపండి.